రెండు సీట్ల బండికి ముగ్గురం

కొత్త కారు బుక్ చేయడానికి వెళ్లాల్సిన ఆదివారం పొద్దున నేను పాత కారు చూడటానికి బయల్దేరాను. ఇప్పుడు రాస్తుంటే మామూలు మాటలాగే ఉంది గానీ, ఆ రోజు మా ఇంట్లో అదొక చిన్న తిరుగుబాటు.

మా ఇల్లు కొండాపూర్‌లో. నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చూస్తాను. యాభైకి దగ్గరపడ్డాను. పుట్టి పెరిగింది కాకినాడ. మా ఆయనది నంద్యాల. ఆయన గచ్చిబౌలిలో మరో కంపెనీలో ఫైనాన్స్ చూస్తారు. మా అత్తయ్య నంద్యాల చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. డెబ్బై దాటినా నడుం వంగలేదు, గొంతు తగ్గలేదు. కింద పార్కులో ఎవరైనా జాగింగ్ చేస్తుంటే బాల్కనీలోంచే "చేతులు ఊపప్పా, మెడ కాదు!" అని కేకేస్తారు. చాలామంది సర్దుకుంటారు కూడా.

మా సెడాన్ పాతబడింది. దాని బదులు ఎత్తయిన కొత్త కారు కొనాలని మా ఆయన నెలల తరబడి మైలేజీలు, వారంటీలు పోల్చి చూసి, ఒకటి తేల్చారు. తెల్ల రంగు, సన్‌రూఫ్, ముందు టీవీ అంత తెర. నాకు అభ్యంతరం లేదు. ఉత్సాహమూ లేదు. గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తే ఎంత సంబరమో అంతే.

శనివారం సాయంత్రం ఊరికే ఫోన్‌లో పాత కార్ల ప్రకటనలు తిప్పుతుంటే ఒక ఫోటో దగ్గర నా వేలు ఆగిపోయింది. నేరేడుపండు రంగు కారు. రెండే సీట్లు. నల్ల గుడ్డ పైకప్పు, వెనక్కి మడిచేస్తే మొత్తం ఆకాశమే. జర్మనీలో తయారై పద్నాలుగేళ్లయింది. ఉండేది మదీనాగూడలో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకరోజు షేర్ ఆటో కోసం ఎండలో నిలబడి ఉంటే, అచ్చం ఇలాంటి బండే వచ్చి సిగ్నల్ దగ్గర ఆగింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. ఎర్రలైటు పడగానే హ్యాండ్‌బ్యాగులోంచి దువ్వెన తీసి, చెదిరిన జుట్టు దువ్వుకుంది. పచ్చలైటు పడగానే దువ్వెన పక్కన పడేసి వెళ్లిపోయింది. అంతే జరిగింది. నా ఆటో వచ్చింది, నేను ఎక్కాను. కానీ ఆమె ఎంత తీరుబడిగా దువ్వుకుందో ఇన్నేళ్లూ నాకు గుర్తుండిపోయింది.

"ఏమండీ, ఇది చూడండి" అని ఫోన్ చూపించాను.

మా ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. "పద్నాలుగేళ్ల బండి. ధర చూడు, మన కొత్త బండికి ఎంతో దీనికీ అంతే. పైగా రెండే సీట్లు. అమ్మను ఎక్కడ కూచోబెడతావు, డిక్కీలోనా?"

సోఫాలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "నన్ను ముందర కూచోబెట్టి నిన్ను డిక్కీలో ఏస్తాం లేప్పా."

ఆయన నవ్వేశారు. "షోరూముకు సాయంత్రం కదా వెళ్లేది. పొద్దున పోయి చూసి రా. సరదా తీరుతుంది."

"నేనూ వస్తా" అన్నారు అత్తయ్య. "టీవీ చూసేదానికన్నా మేలు."

మదీనాగూడలో ముంబై హైవే మీద బట్టల షాపుల వరస వెనక ఒక సందులో ఉంది ఆ ఇల్లు. బండి యజమాని అరవై దాటిన భారీ మనిషి. ప్లాట్లు కొని అమ్మే వ్యాపారం. గేటు దగ్గరికే ఎదురొచ్చాడు, కొంచెం కుంటుతూ.

"రాండ్రి అక్కా, రాండ్రి చెల్లె. ముందుగాల చాయ్ తాగుతరా?"

"ముందర బండి చూపించు నాయనా, చాయ్ యాడికి పోతాది" అన్నారు అత్తయ్య.

ఆయన కవర్ లాగాడు. ఫోటో అబద్ధం చెప్పలేదు, పైగా తక్కువ చెప్పింది. ముందు భాగం పొడుగ్గా, వెనక భాగం పొట్టిగా, నేలకు ఆనుకుని, ఉరకడానికి వంగిన మనిషిలా ఉంది. అత్తయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతాండావు?" అని అడిగారు.

"మోకాళ్లక్కా. కూసోనీకి అయితది, లేవనీకి అయితలేదు. మొన్న ఫంక్షన్ హాల్ కాడ దిగుతుంటే ఇద్దరు వెయిటర్లు వచ్చి లేపిండ్రు. అందరి ముంగట ఇజ్జత్ పోయింది."

తర్వాత నావైపు తిరిగాడు. "నాకాడ దాపరికం లేదు చెల్లె. ముందటి బంపర్ ఒకసారి మార్పిచ్చిన. వానొస్తే డ్రైవర్ దిక్కు పైనుంచి జర కారుతది. సామాన్లు తొందరగ దొరకయి. ఇవన్నీ లెక్క పెట్టుకునే ధర చెప్పిన. తగ్గియ్య."

నన్ను నడపమన్నాడు. పక్కసీట్లో ఆయన కూర్చున్నాడు. క్లచ్ ఎంత గట్టిగా ఉందంటే, మొదటిసారి బండి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. నా చెవులు వేడెక్కాయి.

"ఫికర్ చెయ్యకు. నేను కొన్న దినం షోరూము మెట్ల మీదనే ఆపేసిన."

మూడోసారి కదిలింది. చందానగర్ దాటేదాకా నాకు భయమే. పక్కన సిటీ బస్సు ఆగితే దాని టైరు నా చెవి ఎత్తులో ఉంది. పటాన్‌చెరు వైపు వెళ్లి, ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. ముందు రోడ్డు ఖాళీ. "ఇగ తొక్కు" అన్నాడాయన.

తొక్కాను.

ఆ శబ్దం ఎలా చెప్పాలో తెలీదు. మొదట కింద ఎక్కడో గొంతు సవరించుకున్నట్టు మొదలై, పైకి పైకి పోతూ, గేరు మార్చగానే ఒక్క క్షణం ఊపిరి పీల్చి మళ్లీ ఎత్తుకుంది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. నేను రోజూ నడిపే కారులో స్టీరింగ్ తిప్పితే, ఆ కబురు కారుకు అందడానికి కాస్త సమయం పడుతుంది. ఇందులో నేను తిప్పాలనుకునేసరికే అది తిరుగుతోంది. రోడ్డు మీది గరుకుతనం అరచేతుల్లో తెలుస్తోంది. నేను నవ్వుతున్నానని నాకే తెలీలేదు. దవడలు నొప్పి పుట్టాక తెలిసింది. వేగ పరిమితి దాటలేదు, దాటాల్సిన అవసరమే రాలేదు. ఆ వేగానికే నా ఒళ్లంతా మేల్కొంది.

వెనక్కి వచ్చేసరికి అత్తయ్య గేటు బయటే నిలబడి ఉన్నారు. "ఇప్పుడు నా వంతు" అన్నారు.

యజమాని ఇబ్బందిగా నవ్వాడు. ఇద్దరాడవాళ్లను, అదీ మొదటిసారి చూసినవాళ్లను, తను లేకుండా బండితో పంపడం ఎలా? అత్తయ్య నా బ్యాగులోంచి మా సెడాన్ తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరుంచుకో. మేం రాకపోతే ఆ బండి నీదే."

"దాన్ని నేనేం చేసుకుంట అక్కా" అంటూనే తలుపు తీశాడు. ఎక్కే పద్ధతి ఆయనే నేర్పాడు. "ముందు బండి దిక్కు ఈపు పెట్టు. కూసో. ఇగ రెండు కాళ్లు కలిపి లోపటికి." అత్తయ్య "ఒకటీ, రెండూ, మూడూ" అని తనకు తనే ఆదేశాలిచ్చుకుని చక్కగా కూర్చున్నారు. ఆయన బటన్ నొక్కి పైకప్పు వెనక్కి మడిచాడు. అత్తయ్య కొంగు తలకు చుట్టి, కొస నడుములో గట్టిగా దోపుకున్నారు.

ఈసారి హైవే మీదే కొంత దూరం వెళ్లి తిరిగొచ్చాం. జనవరి ఎండ వెచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది. రోడ్డు మీద ఖాళీ దొరికినప్పుడల్లా అత్తయ్య "పోనీ, ఇంకొంచెం పోనీ" అంటున్నారు. చందానగర్ సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బస్సులోంచి కండక్టర్ వంగి చూశాడు.

"ఏం పెద్దమ్మా, ఎటు పోతున్రు?"

"యాడికీ ల్యా నాయనా! ఊరికే!" అని అరిచారు అత్తయ్య. బస్సులో సగంమంది నవ్వారు. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆవిడ నవ్వు వింటున్నాను, అంత ఎత్తున నవ్వగా ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం ముగ్గురం షోరూముకు వెళ్లాం. కొత్త కారులో కూర్చున్నాను. సేల్స్ కుర్రాడు తెర మీద వేలితో అన్నీ చూపించాడు. అన్నీ బాగున్నాయి. వెనక సీట్లో అత్తయ్య కాళ్లు చాపుకుని, "బాగుండాది. మన హాల్లో కూచున్నట్టే ఉండాది" అన్నారు.

మా ఆయన నా ముఖం చూశారు. ఏమనుకున్నారో, బుకింగ్ డబ్బు కట్టకుండానే "రేపు చెబుతాం" అని లేచారు. పార్కింగ్‌లో ఆగి, "నీకు నచ్చలేదు కదా?" అన్నారు.

"ఇది నచ్చకపోవడం కాదండి. ఉదయం ఇంకోటి నడిపాను కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన వాదన అంతా చెప్పారు. నిజం చెప్పాలంటే, ఒక్క మాట కూడా తప్పు కాదు. వచ్చే ఏడాది బండికి పదిహేనేళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. పెట్రోలు తాగుతుంది. విడిభాగం ఒకటి పోతే సముద్రాలు దాటి రావాలి. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లకు దాని కడుపు తగులుతుంది. "ఈ ధరకు అది తగుతుందా అంటే, నాకు తెలిసిన ఏ లెక్కలోనూ తగదు" అన్నారు.

"అది మంచి స్థితిలో ఉందో లేదో ముందు చూపిద్దామండి. బాగాలేదంటే తెల్లారే వెళ్లి తెల్ల కారు బుక్ చేద్దాం" అన్నాను. ఒప్పుకున్నారు.

కొండాపూర్‌లోనే విదేశీ కార్లు బాగుచేసే వర్క్‌షాపు ఒకటుంది. మదీనాగూడ యజమాని బండిని అక్కడికి తెచ్చాడు. మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి, అడగాల్సినవన్నీ ఫోన్‌లో రాసుకుని మరీ వచ్చారు. బండిని పైకి లేపారు. ఇస్త్రీ చొక్కా మీదే ఆయన దాని కిందికి దూరి, మెడ రిక్కించి, ప్రతి గొట్టం గురించీ అడిగారు. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. గేర్‌బాక్స్ బాగుంది. టైర్లు అరగలేదు గానీ ముసలివైపోయాయి. కింద రబ్బరు భాగాలు ఎండిపోయాయి. పైకప్పు అంచు కారుతుంది. అంటే, యజమాని చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు.

"ఒకసారి స్టార్ట్ చేయండి" అన్నారు మా ఆయన. చేశారు. ఆ శబ్దం షెడ్డు రేకుల కింద గుండ్రంగా తిరిగింది. ఆపేశాక ఆయన చొక్కాకంటిన దుమ్ము దులుపుకున్నారు. తర్వాత, "ఇంకోసారి" అన్నారు. రెండోసారి వినాల్సిన పనేమీ లేదు. నేను అటు తిరిగి నవ్వు దాచుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడు సాయంత్రాలు ఆయన లాప్‌టాప్ వదల్లేదు. చివరికి శనివారం మధ్యాహ్నం తెర మాకేసి తిప్పారు. "ఒక తమాషా చూడు. కొత్త బండి ధర షోరూము గేటు దాటగానే పడడం మొదలవుతుంది. ఈ పాత రకం ధర పడాల్సినంతా ఎప్పుడో పడిపోయింది. చాన్నాళ్లుగా అక్కడే నిలబడింది. ఇలాంటివి తక్కువైపోతున్నాయి కాబట్టి అడిగేవాళ్లు పెరుగుతున్నారు. అంటే, ఆయన అడిగే ధర అన్యాయం కాదు." లాప్‌టాప్ మూసేసి, "కానీ మనకు దాని అవసరం లేదు" అన్నారు.

అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే, "అవసరమైనవన్నీ ఇన్నేండ్లూ కొంటానే ఉండారు కదప్పా. ఇంకేం మిగిలుండాది?" అన్నారు. "మన పాత బండికి ఏమొచ్చింది? ఇంకా రెండేండ్లు లాగుతాది. కూరగాయలకు అది, మనకు ఇది."

అంతలోనే నా ఫోన్ మోగింది. మదీనాగూడ యజమాని.

"చెల్లె, ఇంకొకాయన వచ్చిండు. బండి ముంగటనే నిలబడ్డడు. మీరు వస్తరా, రారా? రానంటే చెప్పుండ్రి, ఏం అనుకోను."

"వస్తున్నామండి!" అన్నాను. ఎవరినీ అడగలేదు.

చెప్పులు వేసుకుంటూ లిఫ్టుకు పరిగెత్తాం. చిక్కుడుకాయలు టీపాయ్ మీదే ఉండిపోయాయి. మా ఆయన సెడాన్ నడుపుతున్నారు, నేను పక్కన, అత్తయ్య వెనక. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దాకా బాగానే వచ్చాం. దిగాక మొత్తం ఆగిపోయింది. ఒక నీళ్ల ట్యాంకర్ సందులోకి వెనక్కి వెళ్లబోయి రోడ్డుకు అడ్డంగా ఇరుక్కుంది. అటూ ఇటూ హారన్లే, ఒక్కరూ వెనక్కి తగ్గరు.

"మనం చేరేలోపు అమ్మేస్తాడు" అన్నారు మా ఆయన. ఆ మాటలో ఆందోళన విని నాకు లోలోపల పండగయింది.

వెనక తలుపు చప్పుడైంది. చూస్తే అత్తయ్య రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి పైకెత్తి, బైకుల వాళ్లను ఉద్దేశించి, "వరస! వరసలో నిలబడండి!" అన్నారు. అది అడిగే గొంతు కాదు. బైకులు వెనక్కి జరిగాయి. తర్వాత ట్యాంకర్ డ్రైవర్‌కు చేతులతో సైగలు చేస్తూ, "రానీ, రానీ, ఎడమకు, ఆపు!" అని దాన్ని సందులోకి పంపేశారు. ఆవిడ తిరిగొచ్చి కూర్చునేసరికి చీర మీద దుమ్ము, ముఖం నిండా వెలుగు. "పోనీరా, చూస్తాండావేంది!"

మదీనాగూడలో ఆ ఇంకొకాయన ఇంకా ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఫోన్‌తో బండిని అన్ని వైపుల నుంచీ వీడియో తీస్తున్నాడు. ధర బాగా తగ్గించి అడిగాడట. పైగా సైలెన్సర్ మార్పించి నాలుగు వీధులకు వినబడేలా చేస్తాననీ, ఈ రంగు తీసేసి నల్ల రంగు వేయిస్తాననీ చెబుతున్నాడు. యజమాని ముఖం చింతపండు తిన్నట్టుంది. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీకు గూడ అదే మాట చెల్లె. చెప్పిన ధరల ఒక్క రూపాయి తగ్గియ్య."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. బేరం ఎంత దగ్గర మొదలుపెట్టి ఎంత దగ్గర ఆగాలో ఆయన దారిలో నాకు చెప్పారు. ఆయన నోరు తెరిచేలోపే నేను, "సరేనండి, తీసుకుంటున్నాం" అనేశాను.

మా ఆయన నావైపు చూశారు. కోపమొస్తుందనుకున్నాను. ఆయన పెదవి చివర వణికింది, అంతలోనే ఫక్కున నవ్వారు. "అయిపాయ!" అన్నారు అత్తయ్య. వీడియో తీస్తున్నాయన ఫోన్ జేబులో పెట్టుకుని, "ఆల్ ద బెస్ట్ మేడం" అని మర్యాదగానే వెళ్లిపోయాడు. యజమాని లోపలికి కేకేసి నాలుగు చాయ్‌లు తెమ్మన్నాడు.

కాగితాలన్నీ పూర్తయి బండి మా చేతికి వచ్చిన రోజు ఆయన కవర్‌ను తనే మడిచాడు. ఎవర్నీ ముట్టనివ్వలేదు. దుప్పటి మడిచినట్టు మూలలు కలిపి, డిక్కీలో పెట్టి, "జర ఎండకు పెట్టకుండ్రి" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు అత్తయ్య ముందు సీట్లో కూర్చున్నారు, అందులో చర్చ లేదు. మా ఆయన వెనక సెడాన్‌లో వస్తూ, నిమిషానికోసారి ఫోన్ చేశారు. "ఇండికేటర్ వేశావా?" "గుంత ఉంది, చూసుకో." "బస్సుకు దగ్గరగా పోవద్దు." అత్తయ్య ఫోన్ ఎత్తి, "నువ్వు నీ బండి చూసుకో నాయనా" అని పెట్టేశారు.

ఇక ఆ తర్వాత సంగతి. ఆయన ముందే చెప్పిన కష్టాలన్నీ తు.చ. తప్పకుండా వచ్చాయి. కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద పీత నడిచినట్టు ఐమూలగా పోవాలి, లేదంటే కిందినుంచి గీకుడు శబ్దం, నా పళ్లు జివ్వుమంటాయి. మొదటి వానకు నా కుడి భుజం తడిసింది. పైకప్పు అంచు మార్పించాక ఎడమ భుజం తడిసింది. ఒక సాయంత్రం కొత్తగూడ జంక్షన్‌లో క్లచ్ చేతులెత్తేసింది. ఆఫీసులు వదిలే వేళ, వెనక కార్ల సముద్రం. బండిని లారీ మీదికి ఎక్కిస్తుంటే జనం ఫోటోలు తీసుకున్నారు. విడిభాగం రావడానికి వారాలు పట్టింది. ఖాళీ పార్కింగ్ చూసినప్పుడల్లా, ఈయన మాట వినుంటే బాగుండేదేమో అనిపించింది. ఒకసారి ఆ మాట పైకే అన్నాను కూడా. ఆయన "నేను చెప్పలేదా" అంటారని సిద్ధంగా ఉన్నాను. ఆయన, "వర్క్‌షాపు వాళ్లకు ఫోన్ చేశాను. గురువారం వస్తుందట" అన్నారు.

బాగయ్యి వచ్చిన రోజు తాళంచెవి మొదట ఆయనే తీసుకున్నారు. "బ్రేకులు ఎలా ఉన్నాయో చూసొస్తా" అని వెళ్లి, చీకటిపడ్డాక వచ్చారు. అక్కడ్నుంచి ఆదివారాలకు మా ఇంట్లో పోటీ మొదలైంది. నడిపేవాళ్లం ఇద్దరం, పక్కసీటు మాత్రం ఒక్కరిదే. ఆ సీటు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. శంకర్‌పల్లి వైపు వెళ్లి, దారిలో ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే తిరిగొస్తాం. నేను నడిపినప్పుడు అత్తయ్య "పోనీ" అంటారు. ఆయన నడిపినప్పుడు "ఇంకా ఎంతసేపురా మూడో గేరులోనే?" అంటారు.

ఆ ధరకు అది తగిందా అని ఆఫీసులో ఇప్పటికీ అడుగుతుంటారు. సోమవారం పొద్దున మీటింగులో కూర్చున్నప్పుడు కూడా నా అరచేతుల్లో ఆ రోడ్డు గరుకుతనం ఉంటుందని మాత్రం చెబుతాను. వాళ్లు తల ఊపి మైలేజీ ఎంతిస్తుందని అడుగుతారు.

పోయిన నెల ఒక ఆదివారం మా ఆయన పెట్రోలు కొట్టించడానికి వెళ్లి ఆలస్యంగా వచ్చారు. ఉప్మా ముందు కూర్చుని, "బంకు దగ్గర ఒకాయన వెంటపడ్డాడు. అమ్ముతారా అన్నాడు. మనం పెట్టినదానికంటే ఎక్కువే ఇస్తాడట" అన్నారు.

నా చేతిలో గరిటె ఆగింది. అత్తయ్య కూడా తినడం ఆపారు.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను" అన్నారాయన, పల్లీ చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "మా అమ్మ ఒప్పుకోదు అన్నాను."

"నా మీదికి తోస్తాండాడు చూడు!" అని అత్తయ్య విరగబడి నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో గరిటె ఉప్మా ఆయన పళ్లెంలో వేశాను.